చెరిపే చెయ్యి

డాక్టర్ సర్వత్ రిత్సాను కోసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముళ్లబంతిలా ఉండే ఆ నల్లటి సముద్రజీవిని ఎడమ అరచేతిలోకి తీసుకుని, నోటి దగ్గర కత్తెర మొన దించి, గుండ్రంగా తిప్పి, డబ్బా మూత తీసినట్టు పైపెంకు ఊడదీస్తాడు. లోపలి నల్లనీళ్లు సింకులో ఒంపేస్తాడు. ఐదు పాయలుగా నారింజరంగు గుడ్లు మిగులుతాయి. వాటి మీద నిమ్మకాయ పిండి, రొట్టెముక్కతో గోకి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కత్తెర ల్యాబ్‌ది. ఆ సింకు ల్యాబ్‌ది. ఆ రిత్సాలు షాహెందావి.

తుఫాను వెళ్లిన మర్నాడు, పడవలు సరిగా కదలని పూట, అన్ఫూషీ ఒడ్డున చలికి వణుకుతూ నిలబడి, పడవవాడిని బతిమాలి తెచ్చుకుంది వాటిని. ఎల్లుండి ప్రయోగానికి గుడ్లు నిండిన రిత్సాలు కావాలి. తొట్టి పక్కన నిలబడి అవి ఒక్కొక్కటీ సింకు వైపు వెళ్లిపోతుంటే చూస్తోంది. ఆరేళ్లుగా ఇదే గురువు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మనిషికి నోరు మూసుకోవడం వేరే నేర్పనక్కర్లేదు.

వచ్చిన అతిథులిద్దరూ కైరోలో మందుల సీసాలు నింపే కంపెనీవాళ్లు. లావుపాటాయన వేళ్లు నాకుతూ అడిగాడు: "ఇది తింటే మగతనం పెరుగుతుందంటగా, డాక్టర్ గారూ?"

"మీకేం పెరగాలో మీరు చెప్తేగా నాకు తెలిసేది!" అన్నాడు సర్వత్. ముగ్గురూ పెద్దగా నవ్వారు. సర్వత్ గడ్డం మీద ఒక గుడ్డుముద్ద అంటుకుని ఉంది. ఆయన మాట్లాడుతుంటే అది కదులుతోంది.

"ఇక మన సరుకు సంగతి వినండి," అన్నాడాయన. "కణం రెండుగా చీలడమంటే మన సర్కారు ఆఫీసులో పని జరగడం లాంటిదే. లోపల వేల కాగితాలు. కైనేజ్ అనేవాడొకడు ప్రతి కాగితం మీదా సర్కారు డేగముద్ర గుద్దుకుంటూ పోతాడు. ముద్రలన్నీ పడ్డాయా, కణం చీలిపోతుంది. ఫాస్ఫటేజ్ అనేవాడు వెనకాలే తిరుగుతూ ముద్రలు చెరిపేస్తుంటాడు. కేన్సర్ అంటే ఏంటి? గుద్దేవాడికి పిచ్చెక్కడం. మన నాచురసం వాడి చెయ్యి విరిచేస్తుంది. అంతే."

"మరి ఆ చెరిపేవాడు?" అన్నాడు రెండో ఆయన.

"వాడి సంగతి వదిలెయ్యండి. జీతం లేని గుమస్తా."

ఆ జీతం లేని గుమస్తాయే షాహెందా ఆరేళ్ల చదువు. గుద్దేవాడు ఊరికే గుద్దుకుంటూ పోడని, ముందు ఒక చిన్న ప్రోటీను మీద ముద్ర వేయించి, దాన్ని పంపి చెరిపేవాడి చేతులు పట్టిస్తాడని ఆమెకు తెలుసు. చేతులు కట్టేస్తే తప్ప ముద్రలు నిలవవు. పట్టుబడ్డవాడు కూడా ఊరుకోడు. తనను పట్టుకున్నదాని మీది ముద్రనే మెల్లగా, చాలా మెల్లగా చెరుపుతూ ఉంటాడు. పైనుంచి కొత్త ముద్రలు రావడం ఆగిన రోజున వాడి చేతులు విడిపోతాయి. అప్పుడే కణం చీలడం పూర్తవుతుంది. ఇది థీసిస్‌లో రాసింది. ఆ థీసిస్ సర్వత్ సొరుగులో సంతకం కోసం పడి ఉంది.

అతిథులు చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. సర్వత్ రుమాలుతో గడ్డం తుడుచుకుని కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"ఎల్లుండి కమిటీ వస్తోంది తెలుసుగా."

"తెలుసండీ."

"బైరూత్‌లో ఇదే ప్రయోగం చేసినవాళ్లకి మన ఫలితం రాలేదట. రాకపోతే అది వాళ్ల ఖర్మ. ఆ సందు చూసుకుని నీ జూనియర్ మార్తీనా డీన్ దగ్గరికెళ్లి ఏడ్చింది. రసం కలిపిన ట్యూబుల్లో, చెరిపేవాణ్ణి ఆపే ఫ్లోరైడ్ వెయ్యడం మర్చిపోయిందట. నాకు చెప్పిందట. చెప్పినా వినకుండా నేను అచ్చు వేయించానట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! కమిటీ ముందు ప్రయోగం మళ్లీ చేసి చూపిస్తాం. మన ఫలితం మనకొస్తే ఆ పిల్లకి యూనివర్సిటీలో అదే ఆఖరి రోజు."

"చేసేదెవరండీ?"

"నువ్వు. పలికేది నేను."

ఆ ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. ట్యూబులో ఏది వేసినా వేసేవాళ్లు దాని పేరు పైకి చెప్పాలి. పక్కన నిలబడ్డవాళ్లు పిపెట్ మొన వైపే చూస్తూ, చుక్క దిగాక, "పడింది" అని పలకాలి. ఆ మాట వినపడనిదే చెయ్యి తర్వాతి ట్యూబుకి పోకూడదు. కుర్రతనంలో సర్వత్ పెట్టిన పద్ధతే అది. ఆయన దగ్గర చదివి దేశాలు పట్టిపోయినవాళ్లు ఇప్పటికీ ఎవరూ లేని గదుల్లో తమకు తామే "పడింది" అనుకుంటారని చెప్పుకుని నవ్వుతుంటారు. ఆయన మీద షాహెందాకు మిగిలిన గౌరవమంటూ ఉంటే అది ఆ ఒక్క మాట మీదే.

"మామూలు ట్యూబుల్లో ఫ్లోరైడ్ మామూలుగానే వెయ్యి," అన్నాడు సర్వత్, పళ్లసందుల్లో నాలుక తిప్పుకుంటూ. "రసం ట్యూబుల దగ్గరికొచ్చినప్పుడు ఖాళీ మొన తీసుకో. ఫ్లోరైడ్ అని గట్టిగా చెప్పు. మొన ముంచు, తియ్యి. నేను పడిందంటాను. మిగతాది చెరిపేవాడు చూసుకుంటాడు."

షాహెందా తొట్టిలో మిగిలిన రిత్సాలు లెక్కపెట్టింది.

"ఈ నెలాఖరుతో నీ థీసిస్ గడువు అయిపోతుందనుకుంటా? ఆ తర్వాత నిన్ను గుమస్తా కుర్చీలోకి తోసేస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటి ఖాళీగా ఉందంటున్నారు, గదికి కిటికీ కూడా లేదట పాపం. ఈ ప్రయోగం ఫిల్మ్ వచ్చిన సాయంత్రం నీ థీసిస్ మీద సంతకం పెడతాను. సరేనా అమ్మాయ్?"

"సరేనండీ."

తన గొంతు అంత మెత్తగా రావడం విని షాహెందాకే రోత పుట్టింది. సింకులో పెంకులు ఏరింది. కత్తెరకు అంటుకున్న నారింజ జిగురు గోకింది. సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా చేతులకి నిమ్మకాయా, అయోడినూ కలిసిన వాసన వదల్లేదు.

గేటు బయట సముద్రపు గోడ మీద మార్తీనా కూర్చుని ఉంది. తలమీద టోపీ లాక్కుని, ఒళ్లో తామియా వడలు పెట్టిన రొట్టె పెట్టుకుని, తినకుండా పక్షులకు విసురుతోంది.

"నన్ను లోపలికి రానివ్వద్దని గేటువాడికి చెప్పారట," అంది. "నిన్నటిదాకా డాక్టరమ్మా డాక్టరమ్మా అని సలాం కొట్టినవాడు, ఇవాళ నన్ను చూసి పిల్లిని తోలినట్టు తోలాడు. అక్కా, నీ దగ్గర నిమ్మకాయ వాసనొస్తోందే. తిన్నాడా?"

"తిన్నాడు."

"ఎన్ని?"

"గుడ్లున్నవి చాలా మటుకు."

"అరగాలి వాడికి," అంది మార్తీనా. తర్వాత అడగాల్సింది అడిగేసింది. "ఆ రోజు నేను ఆయనకి చెప్తుంటే నువ్వు పక్క బల్ల దగ్గరే ఉన్నావు కదక్కా."

"ఉన్నాను."

"సార్, రసం ట్యూబుల్లో ఫ్లోరైడ్ వెయ్యలేదండీ, నేనొక్కదాన్నే ఉన్నాను, పలికేవాళ్లు లేక మర్చిపోయాను అన్నాను. గుడ్డు పగిలాక ముద్రలేసేవాడికి తిండి ఉండదు, చతికిలబడతాడు. చెరిపేవాడికి తిండితో పనిలేదు, ఆ గుజ్జులో కూడా చెరుపుతూనే ఉంటాడు, వాణ్ణి ఆపడానికే కదండీ ఫ్లోరైడ్, అందుకే ముద్రలు నల్లగా పడాల్సిన ఫిల్మ్ తెల్లగా వచ్చింది, రసం గొప్పేం లేదు అన్నాను. ఏమన్నాడో గుర్తుందా?"

షాహెందాకు గుర్తుంది. ఆయన ఫిల్మ్‌ను దీపానికి ఎత్తిపట్టి, మార్తీనా భుజం తట్టి, "దేవుడిచ్చిన మతిమరుపు తల్లీ ఇది, పైకి చెప్పకు," అన్నాడు.

"మరి కమిటీకి చెప్తావా?"

షాహెందా సంచీ పట్టీ సర్దుకుంది. "నువ్వు మూడేళ్లు చిన్నదానివి మార్తీనా. నీకింకా టైముంది. నాకు ఈ నెలే ఉంది."

"అర్థమైందిలే. చెప్తే నీ డాక్టరేటు పోద్ది, చెప్పకపోతే నా పరువు పోద్ది." మార్తీనా మిగిలిన రొట్టెంతా ఒకేసారి నీళ్లలోకి విసిరింది. "మా వీధి ఇస్త్రీ అతని పెళ్లాం రొమ్ములో గడ్డతో ఉంది. ఆసుపత్రి మానేసి ఈ నాచునీళ్లు తాగుతోంది. నువ్వు చదివే చోటుదేగా తల్లీ, మంచిదేగా అని నన్నే అడిగింది. అందుకు వెళ్లాను డీన్ దగ్గరికి. నీ మీద కోపం లేదక్కా. అసహ్యం, అంతే."

ట్రాములో షాహెందాకు సీటు దొరికింది. పక్కన కూర్చున్నావిడ ముక్కు చిట్లించి అటు జరిగింది. అది నిమ్మకాయ వాసనకేనని షాహెందా తనకు తాను చెప్పుకుంది.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు డాక్టర్ షఫీక్, బరువైన మనిషి. వస్తూనే సర్వత్‌ను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుని, "వెళ్లేటప్పుడు నీ నాచురసం రెండు సీసాలు కట్టించు సర్వత్, మర్చిపోకు," అన్నాడు. విచారణకు వచ్చినవాడు గడప దాటక ముందే లంచం అడిగినట్టు వినిపించింది షాహెందాకు. రెండో ఆయన వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లో తలదూర్చాడు. మూడో ఆవిడ డాక్టర్ ఇగ్లాల్, ఎప్పుడో రిటైరైన ముసలావిడ. సోడాబుడ్డి కళ్లద్దాలు, భుజాల మీద శాలువా. కుర్చీ ఇస్తే వద్దని నిలబడింది.

షాహెందా పని మొదలుపెట్టింది. పని మొదలైతే ఆమె చేతులకు ఎవరి గొడవా పట్టదు. మిగిలిన రిత్సాల నోటి పక్క మెత్తని చోట సూది దించింది. బోర్లించి గాజుగ్లాసుల మీద కూర్చోబెట్టింది. ఒకటి తెల్లటి పాలలాంటిది కార్చింది, మగది. తర్వాతది కూడా మగదే. మూడోదాని కింద నారింజరంగు దారాలు సన్నగా దిగి అడుగున చేరడం మొదలైనప్పుడు ఆమె ఊపిరి పీల్చుకుంది. గుడ్లను కడిగి, బీజం కలిపి, మైక్రోస్కోప్‌లో చూసింది. ప్రతి గుడ్డు చుట్టూ పొర లేచింది. సగం గుడ్లు మామూలు సముద్రపు నీళ్లలో, సగం నాచురసం కలిపిన నీళ్లలో.

గుడ్లు ముద్రలతో నిండే వేళ చూసుకుని, రెండు రకాల నుంచీ మూడేసి ట్యూబులు తీసి ఐసులో గుచ్చింది. సన్నసూది గుండా లాగి వదిలి గుడ్లను పగలగొట్టింది. సర్వత్ కోటు గుండీలు పెట్టుకుని ఆమె ఎడమపక్కన నిలబడ్డాడు. ఈ పలుకుడు పద్ధతి తనదేనని, యూరప్‌లో కూడా మెచ్చుకున్నారని షఫీక్‌కి చెప్పాడు.

"మామూలు, ఒకటి. ఫ్లోరైడ్," అంది షాహెందా. బొటనవేలు నొక్కింది.

"పడింది."

రెండోది పడింది. మూడోది పడింది.

పిపెట్‌కి కొత్త మొన తొడిగింది. ఫ్లోరైడ్ సీసాలో ముంచి తీయడం ప్రతి ట్యూబుకీ చేసే పనే. చెయ్యి తనంతట తాను వెళ్లి ముంచి తీసింది. అలవాటుకొద్దీ అంతే, మొన నిండినా ట్యూబులో వదలనుగా, అనుకుంది. మొన ట్యూబు మీదికి తెచ్చింది.

"రసం, ఒకటి. ఫ్లోరైడ్."

"పడింది," అన్నాడు సర్వత్.

మొన ఇంకా ట్యూబులోకి దిగనే లేదు. షాహెందా తలెత్తింది. ఆయన మొన వైపు చూడటం లేదు. షఫీక్ వైపు చూసి నవ్వుతున్నాడు. మొన్నటి రిత్సా తిన్న నోటితోనే ఆ మాట కూడా నమిలి ఊసేశాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి ముందు చేతులు కట్టుకు నిలబడ్డది ఈ ఒక్క మాట కోసమా? మొన దించింది. బొటనవేలు పూర్తిగా, అడుగుదాకా నొక్కింది.

"రసం, రెండు. ఫ్లోరైడ్."

"పడింది." ఈసారి ఆయన కళ్లు కాఫీ పళ్లెం మీద ఉన్నాయి.

నొక్కింది. మూడోది కూడా నొక్కింది. ఆయన ఒక్కసారి కిందికి చూసి ఉంటే ఆరు ట్యూబుల్లోనూ మట్టం సమానంగా ఉండటం కనిపించేది. చూడలేదు.

"ఐసులో అలా ఉండనీ అమ్మాయ్, తొందరేం లేదు," అన్నాడు సర్వత్. "కాఫీ తాగుదాం రండి." చెరిపేవాడికి కావలసినంత సమయం ఇద్దామని ఆయన ఉద్దేశం. ఒక కాఫీ అయ్యాక ఇంకో కాఫీ తెప్పించాడు. టీవీవాళ్లు తనను ఇంటర్వ్యూ చేసిన కథ మొదలుపెట్టాడు. షఫీక్ ముందుకు వంగి, నోరు తెరుచుకుని, ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు. ఆ ముఖంలో ఆశ చూసి షాహెందా పక్కకి తిరిగింది. ఒక్క సీసాకి ఇంత కక్కుర్తా అనుకుంది.

ఇగ్లాల్ కాఫీ తీసుకోలేదు. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, కళ్లద్దాలు తీసి, మైక్రోస్కోప్‌లోకి వంగింది.

"ఇవి ఏ గుడ్లమ్మా?"

"రసంలో మిగిలినవండీ."

"చీలుతున్నాయే."

సర్వత్ గదికి అటువైపు నుంచి నవ్వాడు. "గుడ్లు మొండివి డాక్టర్ ఇగ్లాల్! పైకి అలాగే చీలినట్టు కనిపిస్తాయి. లోపల కైనేజ్ చచ్చిపడి ఉంటుంది. గుడ్లు అబద్ధమాడొచ్చు గానీ ఫిల్మ్ ఆడదు."

"ఓహో," అంది ఇగ్లాల్. మళ్లీ వంగి చాలాసేపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ మళ్లీ చేరారు. సర్వత్ బస్బూసా మిఠాయి పెట్టె తెప్పించి బల్లమీద పెట్టాడు. కాగితంలో చుట్టిన రెండు సీసాలు షఫీక్ కుర్చీ పక్కన సిద్ధంగా ఉన్నాయి. షాహెందా చీకటిగదిలోంచి ఫిల్మ్ పట్టుకుని వచ్చింది. అది ఇంకా తడిగా ఉంది. ఎర్రదీపం కింద ఆమె చూసేసింది. దాన్ని పట్టుకొస్తుంటే సర్వత్ సొరుగులోని థీసిస్ గుర్తొచ్చింది, ఇక అది అక్కడే ఉంటుందని కూడా అర్థమైంది. భయం వేసింది. అయినా తిన్నగా ఆయన దగ్గరికే నడిచింది.

సర్వత్ ఫిల్మ్ అందుకుని వెలుగుపెట్టె మీద పరిచి, కమిటీ వైపు తిరిగాడు.

"చూడండి. ఎడమవైపు మూడూ మామూలు గుడ్లు. నల్లగా, గట్టిగా ముద్రలు. కుడివైపు మన రసం. అంతా ఖాళీ. కడిగేసినట్టు తెల్లగా. ఏడుపుగొట్టు పిల్లలు ఏమన్నా అననీ, సైన్సు సైన్సే."

ఫోన్ పట్టుకున్నాయన కూడా తలెత్తాడు.

"కుడివైపా?" అంది ఇగ్లాల్.

అప్పుడు తిరిగి చూశాడు సర్వత్. ఆరు గీతలు. ఆరూ నల్లగా, లావుగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన ఫిల్మ్ ఎత్తాడు. తిరగేశాడు. మళ్లీ పెట్టాడు. మెడ మీది నరం ఉబ్బింది.

"ఫ్లోరైడ్ వేశావా?" అని అరిచాడు షాహెందా మీదికి వస్తూ. "రసం ట్యూబుల్లో వెయ్యద్దని చెప్పానా లేదా? బుద్ధి లేదూ నీకు?"

సర్వత్ నోరు తెరుచుకునే ఉంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం షాహెందా చిన్నప్పటినుంచి వింటున్న మాటే. చూడటం మాత్రం ఇదే మొదటిసారి. చూడటానికి అదేం సరదాగా లేదు, అసహ్యంగా ఉంది.

"ఏం వెయ్యద్దన్నారు డాక్టర్ సర్వత్?" అంది ఇగ్లాల్ నెమ్మదిగా.

"అది కాదు... అంటే... ఈ అమ్మాయి కంగారులో... చెప్పవేం అమ్మాయ్? నీ థీసిస్ సంగతి మనం సాయంత్రం మాట్లాడుకుందాం..."

"ఫ్లోరైడ్ అండీ," అంది షాహెందా. సర్వత్‌కి కాదు, ఇగ్లాల్‌కి చెప్పింది. "రసం ట్యూబుల దగ్గర మొన ముంచి ఊరికే తియ్యమన్నారు. తాను పడిందంటానన్నారు. నేను వేశాను. మార్తీనా చెప్పినదంతా నిజం. ఆ పిల్ల ఈయనకి చెప్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను."

"పగ!" అన్నాడు సర్వత్, షఫీక్ వైపు తిరిగి. "చూశావుగా షఫీక్, ఇద్దరూ ఒక తాను ముక్కలే. మనం ముప్పై ఏళ్ల స్నేహితులం. ఇదంతా కాగితం మీదికి ఎక్కక్కర్లేదు. ఏదో ట్యూబులు తారుమారయ్యాయని రాసి..."

షఫీక్ లేచాడు. బల్ల దాకా వచ్చి, ఆ తడి ఫిల్మ్‌ను వేలి కొసలతో ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. అతను చదివింది ఈ శాఖ కాదు. ఒక్కో గీత మీదా వేలు పెట్టి, చిన్నపిల్లవాడిలా, ఎడమ నుంచి కుడికి వెళ్లాడు.

"రసం పోసినా ఇలాగే ఉంటుందా?" అని షాహెందాను అడిగాడు.

"ఇలాగే ఉంటుందండీ."

"ఏమీ ఆగదా?"

"ఆగదండీ."

అతను ఫిల్మ్‌ను మెల్లగా వెలుగుపెట్టె మీద పెట్టేశాడు. సర్వత్ వైపు తిరిగినప్పుడు గొంతులో కోపం కూడా లేదు.

"నాదియా కిందటి నవంబరు నుంచి కేన్సర్ ఆసుపత్రికి వెళ్లడం లేదు సర్వత్. ఆ సూదిమందులు విషం వదినా, ఇది తాగు చాలు అన్నావు. మా ఇంట్లో భోజనం చేస్తూ అన్నావు."

షాహెందా నేల వైపు చూసింది. నిన్నటినుంచీ ఈ మనిషిని మనసులో తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తన నోట్లోనే చేదుగా మిగిలాయి.

సర్వత్ ఏదో చెప్పబోయాడు. షఫీక్ వినలేదు. కుర్చీ పక్కనున్న సీసా ఒకటి తీసి, చుట్టిన కాగితం విప్పి, షాహెందా ముందు పెట్టాడు.

"ఇందులో ఏముందో నువ్వు చెప్పు తల్లీ."

"నాచండీ. నాచు, ఉప్పునీళ్లు, కాస్త పంచదార."

అతను తల ఊపాడు. జేబులోంచి ఫోన్ తీసి భార్య నంబరు నొక్కాడు. అవతల ఆడగొంతు "ఏంటండీ, సీసాలు ఇచ్చారా?" అనడం గదిలో అందరికీ వినిపించింది. షఫీక్ ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడ్డాడు.